పరాయి ఊళ్ళో మన కంచం

అమలాపురం నుంచి బ్యాంకాక్ బయలుదేరిన రోజున మా అమ్మీ పెట్టెలో బట్టలకంటే తిండి సామానే ఎక్కువ. మాగాయ, కందిపొడి, కొబ్బరిపొడి, ఆత్రేయపురం పూతరేకులు, పైగా రెండు కిలోల సన్నబియ్యం. "ప్రపంచానికి బియ్యం అమ్మే దేశానికి బియ్యం మోసుకెళ్తున్నావా?" అని నేను నవ్వితే, "బియ్యం సరే, గిన్నెలో అంతకుముందు ఏం వండారో నాకేం తెలుసు?" అంది. డెబ్బయ్యేళ్ళు దాటిన మనిషి. పక్క ఊరు వెళ్ళినా తన చెంబు తాను వెంట తీసుకెళ్ళే అలవాటు.

మా అబ్బాయి అక్కడ మూడేళ్ళుగా ఉద్యోగం చేస్తున్నాడు. మేము చేరిన రాత్రి వంటకు ఆలస్యమవుతుందని వీధి చివర బండి నుంచి కోడిమాంసం వేసి వేయించిన అన్నం పొట్లాలు తెచ్చాడు. అమ్మీ పొట్లం విప్పలేదు. "బేటా, ఈ కోడిని ఎవరు కోశారు?" అని అడిగింది. వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా, "దాదీ, ఇక్కడ అవన్నీ చూసుకుంటూ కూర్చుంటే బతకడం కష్టం" అన్నాడు.

ఆమె కోప్పడలేదు. పొట్లం పక్కన పెట్టి, తెచ్చుకున్న బియ్యం కడిగి ఎసరు పెట్టింది. చిన్నతనంలో బిస్మిల్లా అనకుండా ముద్ద ఎత్తితే వాడి చెయ్యి పట్టుకుని ఆపింది ఆమే. ఆ మాట ఆమెకు ఎంత తగిలిందో నాకు తెలుసు. మూడు రోజులు ఆమె ఇంటి వంట తప్ప మరేదీ ముట్టలేదు. వాడు బయట తిని వచ్చేవాడు. ఒకే ఇంట్లో రెండు కంచాలు అయ్యాయి.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల్లో ఏ ముస్లిం కుటుంబాన్ని కదిపినా ఒకరో ఇద్దరో బయటి ఊళ్ళలో ఉంటారు. కువైట్, మస్కట్, దుబాయిలలో ఉన్నవారి తిండి గురించి ఇంట్లో అంత బెంగ ఉండదు. ముస్లిమేతరులు అధికంగా ఉన్న మహానగరాలకు పిల్లలు వెళ్ళినప్పుడే తల్లి ఫోనులో మొదట అడుగుతుంది: "ఏం తింటున్నావు నాన్నా?" ఆ ప్రశ్నకు పిల్లలు ఇచ్చే జవాబు ఎంతవరకు నిజమో అల్లాహ్‌కే తెలుసు.

కాలువ మీద ప్రయాణం

నాలుగో రోజు శుక్రవారం. అబ్బాయి సెలవు పెట్టి, "దాదీ, ఈ రోజు నీకు నచ్చే చోటికి తీసుకెళ్తాను" అన్నాడు. సేన్ సేప్ అనే కాలువలో ఇంజను పడవ ఎక్కాం. నీళ్ళు ఎగిరి మీద పడకుండా పక్కనున్న ప్లాస్టిక్ పరదాను ప్రయాణికులే తాడు లాగి పైకెత్తుకుంటారు. అమ్మీ తాడు గట్టిగా పట్టుకుని, "మన కాలవలాగే ఉంది, నీళ్ళే నల్లగా ఉన్నాయి" అంది.

ఆ పోలిక అబ్బాయికి నచ్చింది. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. దానికి పదేళ్ళ ముందే, 1837లో, సయాం రాజు మూడవ రామా ఈ కాలువ తవ్వకం మొదలుపెట్టించాడు. 1840కి అది పూర్తయింది. యుద్ధాల తర్వాత దక్షిణాన ఉన్న పట్టానీ ప్రాంతం నుంచి తీసుకొచ్చిన మలయ్ ముస్లింలను ఈ కాలువ వెంట స్థిరపరిచారు. తవ్వకంలోనూ వారి శ్రమ ఉందని చెబుతారు. తమ ఊళ్ళనుంచి బలవంతంగా కదిలించబడ్డ ఆ మనుషులు గట్టు మీద మొదట ఇళ్ళు కట్టుకున్నారు, ఆ వెంటనే మసీదులు కట్టుకున్నారు. నేటికీ ఆ కాలువ పొడవునా ముస్లిం పేటలున్నాయి.

పడవ దిగింది రామ్‌ఖమ్‌హేంగ్ ప్రాంతంలో. 1971లో ప్రారంభమైన పెద్ద విశ్వవిద్యాలయం అక్కడ ఉంది. దక్షిణాది జిల్లాల విద్యార్థులు అక్కడికి ఎక్కువగా వస్తారు కాబట్టి దక్షిణాది వంటల హోటళ్ళు కూడా వచ్చాయి. థాయ్‌లాండ్ ఇస్లామిక్ సెంటర్ మసీదూ ఆ దారిలోనే ఉంది. ఆగ్నేయాసియా మసీదుల్లో సాధారణంగా స్త్రీలకూ నమాజుకు చోటు ఉంటుంది. జుమా నమాజు ముగించుకుని ముగ్గురం ఒక చిన్న హోటలుకు వెళ్ళాం.

వంటగదిలోంచి సలాం

తలుపు మీద పలకలో అరబ్బీ అక్షరాల్లో 'హలాల్' అని ఉంది. లోపల ఎనిమిది బల్లలు. అద్దాల పెట్టె వెనుక వరసగా కూరల పళ్ళాలు. తలకు ముసుగు కట్టుకున్న వంటావిడ మా అమ్మీని చూసి, "అస్సలాము అలైకుమ్" అంది. అమ్మీ ఒక్క క్షణం ఆగి, "వ అలైకుముస్సలామ్ వ రహ్మతుల్లాహ్" అని పూర్తిగా బదులు చెప్పింది. నాలుగు రోజుల్లో ఆ ఊళ్ళో ఆమెకు అర్థమైన మొదటి మాట అదే.

అయినా ఆమె ఊరుకోలేదు. కోడికూర చూపించి, మెడ దగ్గర వేలు ఆడించి, "బిస్మిల్లా?" అని అడిగింది. నాకు సిగ్గేసింది. వంటావిడ మాత్రం నవ్వి, గుండె మీద చెయ్యి పెట్టుకుని, "బిస్మిల్లా, అల్లాహు అక్బర్" అంది. అంతే. అమ్మీ కుర్చీ లాక్కుని కూర్చుంది.

మొదట వచ్చింది 'ఖావ్ మోక్'. పసుపు రంగు అన్నంలో పూడ్చి ఉడికించిన కోడి, పైన వేయించిన ఉల్లి, పక్కన పుల్లపుల్లగా తియ్యతియ్యగా ఉన్న పచ్చని చట్నీ. బిర్యానీకి దూరపు చుట్టం. రెండోది చేప పులుసు. పసుపు, పచ్చిమిరప ఘాటుతో కంట నీరు తెప్పించింది. థాయ్ వంటల్లో దక్షిణాదిది ఎక్కువ కారం, ఎక్కువ పసుపు. మూడోది 'ఖావ్ యామ్'. అన్నంలో సన్నగా తరిగిన నిమ్మగడ్డి, ఆకులు, వేయించిన కొబ్బరి కోరు, పంపరపనస తొనలు కలిపి, పులియబెట్టిన చేపల రసం పోసుకుని తింటారు. పట్టానీ, యాలా, నరాథివాట్ జిల్లాల ముస్లింల ఇళ్ళలో ఇది ఉదయపు ఫలహారం.

నాలుగోది చిన్న గిన్నెలో వచ్చింది. చిక్కటి కొబ్బరి పాలలో మాంసం ముక్కలు, బంగాళాదుంపలు, వేరుశనగ పప్పులు, పైన తేలిన ఎర్రటి నూనె. అమ్మీ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. "ఏలకులు, లవంగాలు, దాల్చినచెక్క, జీలకర్ర, ధనియాలు... చింతపండు, తాటిబెల్లం కూడా పడ్డాయి. ఇది మనవాళ్ళ చేతి వంటరా!" అంది.

కూర పేరే ముసల్మాన్

ఆమె అన్నది నిజానికి చాలా దగ్గర. ఆ కూర పేరు 'మస్సమన్'. ముసల్మాన్ అన్న మాటే థాయ్ నోళ్ళలో అలా మారిందని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. థాయ్ కూరల్లో పచ్చి మసాలా ముద్ద ఎక్కువ. అల్లాన్ని పోలిన దుంపరాష్ట్రం, నిమ్మగడ్డి, వెల్లుల్లి, మిరప నూరి వాడతారు. ఏలకి, లవంగం, దాల్చిన వంటి ఎండు సుగంధ ద్రవ్యాలను వేయించి నూరడం ముస్లిం వర్తకులతో వచ్చిన పద్ధతి. మస్సమన్‌లో ఆ రెండు పద్ధతులూ కలిసిపోయాయి.

17వ శతాబ్దంలో సయాం రాజధాని అయుత్తయ. ఆ శతాబ్ది ఆరంభంలో ఇరాన్‌లోని ఖుమ్ నగరం నుంచి షేక్ అహ్మద్ అనే వర్తకుడు అక్కడికి చేరి, రాజు కొలువులో ఉన్నత పదవి పొందాడు. ముస్లింల వ్యవహారాలు చూసే పదవికి ఆ దేశంలో ఆయనే ఆద్యుడు. మస్సమన్ కూర ఆయనతోనే వచ్చిందని కొందరంటారు. మలయ్ ముస్లింల నుంచి వచ్చిందని మరికొందరంటారు. 1800 ప్రాంతంలో, తర్వాత రెండవ రామాగా రాజైన యువరాజు, వంటకాల మీద రాసిన పద్యాల్లో ఈ కూరను మెచ్చుకున్నాడు. బౌద్ధ రాజు పద్యంలో ముసల్మాన్ కూరకు చోటు దొరికిందన్నమాట.

ఈ కథలో మన తీరానికీ భాగం ఉంది. గోల్కొండ సుల్తానుల రేవు మచిలీపట్నం నుంచి అద్దకం బట్టలు ఓడలెక్కి, బంగాళాఖాతం దాటి మెర్గుయి, తెనాసరిం రేవులకు, అక్కడినుంచి దారి వెంట అయుత్తయకు వెళ్ళేవి. గోల్కొండలోనూ అయుత్తయలోనూ ఇరానీ వర్తకులు ఉండేవారు. 1685లో ఇరాన్ షా సులైమాన్ పంపిన రాయబారులు సయాం వెళ్ళి చూసినవి గ్రంథస్తం చేశారు. మన సఖినేటిపల్లికి ఎదురుగా వశిష్ఠ గోదావరి ఆవలి ఒడ్డున ఉన్న నరసాపురం ఆ రోజుల్లో ఓడలు కట్టే రేవు. సముద్రానికి అటూ ఇటూ కొబ్బరి చెట్టు ఉంది, చింతపండు ఉంది. మధ్యలో సలాం చెప్పుకునే మనుషులు తిరిగారు. అందుకే అంబాజీపేట కొబ్బరి తిని పెరిగిన నాలుకకు ఆ కూర కొత్తగా అనిపించలేదు.

మూడు వేరు వేరు సంగతులు

అంతా సాఫీగా జరిగిందనుకోవద్దు. పక్క పళ్ళెంలో 'సతో' అనే పచ్చటి గింజల వేపుడు వచ్చింది. దాని వాసనకు నేను ముక్కు మూసుకున్నాను. అమ్మీ నా మోచేతి మీద తట్టి, "నచ్చకపోతే పక్కన పెట్టు. ముఖం అలా పెట్టకు, ఆవిడ చూస్తోంది" అంది.

దైవప్రవక్త ముహమ్మద్ (స) ఏనాడూ భోజనానికి వంక పెట్టలేదని, ఇష్టమైతే తినేవారని, లేకపోతే వదిలేసేవారని హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. ఒకసారి వారి ముందు ఉడుమును పోలిన ఎడారి జంతువు మాంసం కాల్చి పెట్టారు. అదేమిటో తెలిశాక వారు చెయ్యి వెనక్కు తీసుకున్నారు. ఇది నిషిద్ధమా అని హజ్రత్ ఖాలిద్ బిన్ వలీద్ (రజి) అడిగారు. కాదని, తమ వారి ప్రాంతంలో అది ఉండదు గనుక తమకు మనసొప్పడం లేదని ప్రవక్త (స) బదులిచ్చారు. ఖాలిద్ (రజి) ఆ పళ్ళెం తన వైపు లాక్కుని వారి ఎదుటే తిన్నారు. ఆ జంతువు విషయంలో ధర్మవేత్తల మధ్య తర్వాత భిన్నాభిప్రాయాలు వచ్చినా, ఈ సంఘటన నేర్పే మర్యాద అందరికీ ఒకటే. నాకు అలవాటు లేనిది నిషిద్ధం కాదు. పక్కవాడు తింటే అది నాకు అవమానమూ కాదు.

కొత్త కంచం ముందు కూర్చున్నప్పుడు మనం మూడు సంగతులను కలగాపులగం చేస్తాం. హరామ్ ఒకటి. పంది మాంసం, సారాయి, రక్తం, అల్లాహ్ పేరుతో కోయని మాంసం వంటివి. వీటి దగ్గర మొహమాటానికి తావు లేదు. సందేహం రెండోది. హలాల్ స్పష్టం, హరామ్ స్పష్టం, రెంటి మధ్య చాలామందికి తెలియని సందేహాస్పద విషయాలు ఉన్నాయని, వాటికి దూరంగా ఉన్నవాడు తన ధర్మాన్నీ గౌరవాన్నీ కాపాడుకున్నాడని ప్రవక్త (స) బోధ. దీనికి మందు అడిగి తెలుసుకోవడమే. కొత్తదనం మూడోది. దీనికి ఓర్పు, మర్యాద చాలు.

మా ఇంట్లో జరిగింది ఏమిటంటే, మా అబ్బాయి మొదటి రెంటినీ 'కొత్తదనం' లెక్కలో వేసేశాడు. నేనేమో కొత్తదనాన్ని చూసి హరామ్‌ను చూసినట్టు మొహం చిట్లించాను. తేడా తెలిసింది అమ్మీకే.

ఒకే దీన్, వేరు వేరు మజ్హబ్‌లు

చివర్లో వంటావిడ ఆప్యాయంగా ఒక పళ్ళెం తెచ్చి పెట్టింది. ముక్కలుగా కోసి వేయించిన సముద్రపు జీవి. స్క్విడ్ అంటారు. అమ్మీ అడిగి తెలుసుకుని, వద్దని చెయ్యి అడ్డం పెట్టింది. అబ్బాయికి అర్థం కాలేదు. "హలాల్ హోటలే కదా దాదీ!"

హోటల్ హలాలే. అయితే దక్షిణ థాయ్‌లాండ్ ముస్లింలు ఎక్కువగా షాఫయీ మజ్హబ్ వారు. ఆ మజ్హబ్‌లో సముద్ర జీవులు దాదాపు అన్నీ ధర్మసమ్మతమే. మన కోనసీమ ముస్లింలలో అధికులు హనఫీలు. హనఫీ మజ్హబ్‌లో నీటి జీవుల్లో చేప మాత్రమే తినదగినది. పీత, స్క్విడ్, ఆల్చిప్ప వంటివి కాదు. రొయ్య చేప కిందికి వస్తుందా, రాదా అన్నది హనఫీ పండితుల మధ్యే ఉన్న భేదం. మన ఇళ్ళలో చింతచిగురు రొయ్యలు ఇష్టంగా తినేవారూ ఉన్నారు, జాగ్రత్త కోసం మానేసిన పెద్దలూ ఉన్నారు. అలా మానేసినవారు థాయ్ కూరల గురించి ఒకటి గుర్తుంచుకోవాలి. మస్సమన్‌తో సహా చాలా మసాలా ముద్దల్లో పులియబెట్టిన రొయ్యల ముద్ద వేస్తారు.

అమ్మీ పళ్ళెం తోసెయ్యలేదు. గుండె మీద చెయ్యి పెట్టుకుని, "హనఫీ" అంది. వంటావిడ "షాఫయీ" అని తన వైపు చూపించుకుని, పళ్ళెం తీసుకెళ్ళి పుచ్చకాయ ముక్కలు తెచ్చింది. ఇద్దరూ నవ్వుకున్నారు. ఇంత చిన్న మాటతో తేలిపోయే విషయం కోసం మనం ఎన్నిసార్లు ఒకరినొకరు తప్పుపట్టుకుంటామో!

తిరుగు పడవలో

తిరిగి వచ్చేటప్పుడు అబ్బాయి నాతో ఒక మాట చెప్పాడు. "అబ్బా, నాకు నమ్మకం లేక కాదు. మొదటి నెల ఆఫీసువాళ్ళతో భోజనానికి వెళ్ళినప్పుడు అడగాలనుకున్నాను. అందరూ నా వైపు చూస్తారని సిగ్గేసి ఊరుకున్నాను. రెండోసారి ఇంకా సిగ్గేసింది. ఆ తర్వాత అడగాలనే అనిపించలేదు."

ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ మాటే. మన పిల్లలు ధర్మానికి దూరమయ్యేది ఎక్కువసార్లు వాదనలో ఓడిపోయి కాదు. ఒక చిన్న ప్రశ్న అడగడానికి సిగ్గుపడి. మొదటిసారి మింగిన ఆ ప్రశ్న రెండోసారి గొంతు దాకా కూడా రాదు. పెద్దలమైన మనం ఏం చేస్తున్నాం? ఫోనులో "హలాలే తింటున్నావు కదా?" అని అడిగి, "ఆఁ" అనిపించుకుని తృప్తిపడుతున్నాం. ఎలా అడగాలో, అడిగితే అవతలివారు చిన్నబుచ్చుకోరని, వాళ్ళకు ఎవరూ చెప్పడం లేదు.

నిజానికి అది కష్టమైన పనేమీ కాదు. థాయ్ భాషలో భోజనాన్ని 'ఆహాన్' అంటారు. మన 'ఆహారం' అన్న మాటే అది. 'ఆహాన్ హలాల్' అంటే చాలు, దారి చూపిస్తారు. 'మూ' అంటే పంది మాంసం, 'లావ్' అంటే సారాయి. 1997లో వచ్చిన చట్టం ప్రకారం పనిచేసే థాయ్‌లాండ్ ఇస్లామిక్ కేంద్ర మండలి హలాల్ ముద్ర ఇస్తుంది. సరుకుల పొట్లాల మీద, హోటళ్ళలో ఆ ముద్ర చూడవచ్చు. ముద్ర లేనిచోట మాంసం జోలికి పోకుండా కూరగాయలు, గుడ్డు, చేప అడగవచ్చు. అక్కడా పంది కొవ్వు, వంట సారాయి, ఆల్చిప్పల రసం వెయ్యవద్దని, గిన్నె శుభ్రంగా కడగమని చెప్పాలి. కొందరు ముస్లింలు మాంసం తెస్తున్నారని, కోసేటప్పుడు అల్లాహ్ పేరు తలిచారో లేదో తెలియడం లేదని హజ్రత్ ఆయిషా (రజి) కాలంలో కొందరు అడిగితే, మీరు అల్లాహ్ పేరు తలిచి తినండని ప్రవక్త (స) చెప్పారు. ముస్లిం సోదరుడి విషయంలో అతిగా అనుమానం వద్దని అది నేర్పుతుంది. ఎవరు కోశారో, ఎలా కోశారో పట్టించుకోవద్దని మాత్రం కాదు.

మేము తిరిగి వచ్చే రోజున అమ్మీ పెట్టెలో మిగిలిన బియ్యం మనవడికి ఇచ్చేసింది. మాగాయ సీసా కూడా. "వారానికి ఒకసారైనా ఆ ఆడమనిషి దగ్గరికి వెళ్ళి తిను. నా సలాం చెప్పు" అంది. వాడు సరేనన్నాడు. మొన్న శుక్రవారం ఫోను చేసినప్పుడు అమ్మీ "ఏం తిన్నావు?" అని అడగలేదు. "ఎవరినైనా అడిగావా?" అంది. అవతల కాసేపు నిశ్శబ్దం. తర్వాత, "అడిగాను దాదీ. వాళ్ళే నాకోసం వేరే హోటలుకు మారారు" అన్నాడు.

అడిగే ధైర్యాన్ని, అడిగిన తర్వాత కృతజ్ఞతను అల్లాహ్ మన పిల్లలందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.